వైజాగ్ నిజంగా పాడైపోయిందా, మన ఫోన్లే అలా చెబుతున్నాయా?

సీతమ్మధార_శ్రీను:

మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఆదివారం పెద్ద రగడ. రాత్రి పదింటికి గేటుకి తాళం పడాలట. డెలివరీ కుర్రాళ్లు కిందే ఆగాలట. పనివాళ్లందరి ఆధార్ జిరాక్సులు వాచ్‌మన్ గదిలో పెట్టాలట, వాళ్లకి వెనక లిఫ్టు వేరేగా అట. ఎందుకండీ అంటే "వైజాగ్ మునుపటిలా లేదు, వీడియోలు చూడట్లేదా" అన్నారు.

చూస్తున్నాను. మా గ్రూపులో పొద్దున్న శుభోదయం, సాయంత్రం సీసీ కెమెరా క్లిప్పు. మొన్న ఒకటి "నిన్న ఎంవీపీ కాలనీలో" అంటూ వచ్చింది. నడిచిపోతున్న ఆవిడ మెళ్లో గొలుసు బైకు మీదవాడు తెంపుకుపోతున్నాడు. ఆపి చూస్తే వెనక కిరాణా కొట్టు బోర్డు గుజరాతీలో ఉంది. ఆ ముక్క రాస్తే "ఎక్కడైతేనేం, మన జాగ్రత్తలో మనం ఉండాలిగా" అని ఒకాయన పెట్టాడు. దానికి అందరూ దణ్ణాల బొమ్మలు.

ఇక్కడైనా నిదానంగా మాట్లాడుకుందామని పెడుతున్నాను. ఊరు నిజంగా భయపడేలా తయారైందా? జనంలో మంచీ మర్యాదా నిజంగా తగ్గాయా? లేక ఎక్కడెక్కడో జరిగిందంతా మన వీధిలో జరిగినట్టే చూస్తున్నామా? పార్టీల గొడవలు మాత్రం వద్దు, దయచేసి.

అల్లిపురం_పెద్దాయన:

శ్రీనూ, నువ్వు చూడలేదు గనక అడుగుతున్నావు నాయనా. ఎండాకాలం వస్తే మా వీధి వీధంతా అరుగుల మీదా మేడల మీదా పడుకునేది. తలుపుకి గొళ్లెం కూడా వేసేవాళ్లం కాదు. సెకండ్ షో వదిలాక ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని కబుర్లు చెప్పుకుంటూ నడిచొచ్చేవాళ్లు. ఇప్పుడు బస్సులో ముసలాడు కమ్మీ పట్టుకుని వేలాడుతుంటే లేచేవాడు లేడు. చెవుల్లో ఆ పుల్లలు పెట్టుకుని కిటికీలోంచి చూస్తుంటారు. హారన్ మీంచి చెయ్యి తీసి బండి నడిపేవాణ్ని ఒక్కణ్ని చూపించు. మర్యాద పోయింది, దాని వెనకే భద్రతా పోయింది. దీనికి చర్చ ఎందుకు, కళ్లు చాలవూ?

లెక్కల_పంతులు:

చాలవు పెద్దాయన గారూ. మనిషి కళ్లు ఒక వీధి చూడగలవు, ఫోన్ వచ్చాక దేశమంతటి దరిద్రమూ ఆ వీధిలోకే వచ్చి పడుతోంది.

జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా లెక్కలు వేస్తుంది. నేను హత్యలే తీసుకుంటాను. దొంగతనం కేసు కట్టకుండా పంపేయొచ్చు గానీ శవాన్ని లెక్కలోంచి తప్పించడం అంత తేలిక కాదు. దేశంలో హత్య కేసులు 1992లో 40 వేలు దాటాయి. 2022లో 28,522. ఈ ముప్పై ఏళ్లలో జనాభా ఎంత పెరిగిందో తెలిసిందే. తలసరిన చూస్తే సగానికి పైగా పడిపోయినట్టు.

అదే 2022లో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. హత్యలకి దాదాపు ఆరు రెట్లు. అందులో హెల్మెట్ లేని తలలే 50,029. ఇది రోడ్డు రవాణా శాఖ నివేదికలోని అంకె. మన గ్రూపుల్లో దొంగల క్లిప్పులు తిరుగుతాయి. హనుమంతవాక నుంచి కొమ్మాది దాకా హైవే మీద ముగ్గురేసి కుర్రాళ్లు ఒకే బండి మీద పోతుంటే ఆ క్లిప్పు ఎవరూ పంపరు. శ్రీను గారూ, మీ గేటు దగ్గర పెట్టాల్సింది ఆధార్ జిరాక్సులు కాదు. హెల్మెట్ లేకుండా బండి బయటికి వెళ్లకూడదని రూలు పెట్టండి, చూద్దాం ఎంతమంది చేతులెత్తుతారో.

అల్లిపురం_పెద్దాయన:

అంకెలు ఎవడైనా చెబుతాడు. పోయినేడు మా ఎదురింటాయన మోటారు సైకిల్ పోయింది. అదుందా మీ పుస్తకంలో?

రిటైర్డ్_ఖాకీ:

మోటారు సైకిల్ ఉంటుంది పెద్దాయన గారూ. ఇన్సూరెన్సు రావాలంటే ఎఫ్ఐఆర్ కాపీ కావాలి, కాబట్టి జనం పట్టుబట్టి కేసు కట్టిస్తారు. పాత సెల్‌ఫోన్ పోతే ఉండదు, ఎవడు తిరుగుతాడు స్టేషన్ చుట్టూ. లెక్కల్ని నమ్మేముందు ఈ తేడా తెలియాలి.

నేను సర్వీసులో చేరిన కొత్తలో కేసు కట్టకపోవడమే పనితనం. నెలవారీ క్రైమ్ మీటింగులో అంకె పెరిగితే ఎస్సైకి అక్షింతలు పడేవి. "పిటిషన్ రాసిచ్చి వెళ్లు, పిలుస్తాం" అని పంపేసేవాళ్లు. లేకపోతే "మా లిమిట్స్ కాదు, పక్క స్టేషన్‌కి పో" అనేవాళ్లు. ఇప్పుడు జీరో ఎఫ్ఐఆర్ ఉంది, ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాల్సిందే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఆ మాట నేరుగా రాశారు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. అందుకని కేసుల అంకె పెరిగిందంటే నేరాలు పెరిగాయని అనుకోనక్కర్లేదు. ఆ మాట బ్యూరో వాళ్లే తమ నివేదికలో చెబుతారు.

ఇక తలుపులు తీసుకుని పడుకున్న సంగతి. పడుకునేవాళ్లు, నిజమే. దొంగతనాలు లేకనా? ఇత్తడి బిందెలు పోయేవి. ఆరేసిన చీరలు పోయేవి. కుళాయి దగ్గర పెట్టిన చెంబులు, సైకిళ్లు, పెరట్లో కట్టిన మేక, అన్నీ పోయేవి. బిందె పోయిందని ఏడ్చుకుంటూ స్టేషన్‌కి వచ్చిన ఆడవాళ్లని నేనే "చూస్తాంలే అమ్మా" అని పంపిన రోజులున్నాయి. పేపర్లో రాలేదు, కేసూ లేదు. మీ జ్ఞాపకంలోనూ లేదు.

నైట్‌డ్యూటీ_నర్సు:

నేను క్యాజువాలిటీలో చేస్తాను. ఏ ఆస్పత్రో చెప్పను.

శనివారం రాత్రి మాకొచ్చేవాళ్లలో ఎక్కువమంది బండి మీంచి పడ్డవాళ్లే. హెల్మెట్ ఉంటుంది, మోచేతికి తగిలించి ఉంటుంది. తలకి పెట్టినా కింద బక్కిల్ వెయ్యరు, పడగానే హెల్మెట్ ఓ పక్కకి తల ఓ పక్కకి. మన సిటీలో 2024 సెప్టెంబరు నుంచి వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ ఉండాలని గట్టిగా పట్టుకోవడం మొదలుపెట్టారు. పోలీసు కనపడితే పెట్టుకుని, దాటాక తీసి ఒళ్లో పెట్టుకునే ఆడవాళ్లని రోజూ చూస్తున్నాను.

దెబ్బలు తిని వచ్చే ఆడవాళ్ల సంగతి వేరు. "మెట్ల మీంచి జారిపడ్డాను సిస్టర్" అంటారు. మొగుడు పక్కనే నిలబడి ఉంటాడు. బిల్లు కట్టి రమ్మని అతన్ని కౌంటర్‌కి పంపి, బీపీ చూస్తూ మెల్లిగా అడిగితే అప్పుడు చెబుతారు. పోలీసులకి తెలిసేలా మెడికో లీగల్ కేసు రాస్తామంటే వద్దని చెయ్యి పట్టుకుంటారు. 2022లో స్త్రీల మీద నేరాల కేసులు దేశంలో 4,45,256. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా, 31 శాతం పైగా, భర్తా అతని తరఫువాళ్లూ పెట్టిన హింసే. శ్రీను గారి గేటుకి పదింటికి తాళం పడితే అలాంటివాడు కూడా లోపలే ఉంటాడు కదా.

అయితే పంతులుగారూ, మీ లెక్కతో నాకూ పేచీ ఉంది. సెకండ్ షిఫ్ట్ అయ్యాక ఆటో దిగి మా సందులోకి నడవాలి. మధ్యలో రెండు స్తంభాలకి దీపాలు వెలగవు. అవతల ఎవరూ లేకపోయినా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని "ఆ, వచ్చేశా, గేటు దగ్గరకి రా" అంటూ నడుస్తాను. తాళం చెవి వేళ్ల సందున ఉంటుంది. నాతో పాటు డ్యూటీ దిగే మగ స్టాఫ్‌కి ఈ నాటకం అక్కర్లేదు. ఇన్నేళ్లలో నాకు ఏమీ కాలేదు, కాబట్టి మీ పట్టికలో నేను భద్రంగా ఉన్నట్టు. ఏమీ కాకుండా ఉండటానికి నేను రోజూ పడే పాట్లు అందులో కనపడవు. నైట్ డ్యూటీ ఉందని ఇంట్లోవాళ్లు మంచి ఉద్యోగం మాన్పించిన అమ్మాయి నేరాల లెక్కల్లో ఏ గడిలో ఉంటుంది?

లెక్కల_పంతులు:

మేడమ్, ఏ గడిలోనూ ఉండదు. లక్ష జనాభాకి ఇన్ని అని రేటు కడతారు. బయట ఎన్ని గంటలు ఉన్నారన్నదాన్ని బట్టి ఎవరూ కట్టరు. అర్ధరాత్రి రోడ్డు మీద ఆడవాళ్లే లేకపోతే ఆ రోడ్డు మీద నేరమూ ఉండదు, కాగితం మీద ఆ రోడ్డు అందరికన్నా సురక్షితం. వీధిలో ఆడుకునే పిల్లలు తగ్గాక వీధిలో పిల్లల ప్రమాదాలు తగ్గినా ఇంతే. రోడ్డు బాగుపడింది అనలేం, పిల్లలు లోపలికి వెళ్లిపోయారు అనాలి.

ఆటో_అప్పన్న:

కాంప్లెక్స్ కాడ స్టాండులో ఆటో నాది. మీరందరూ రాత్రి అంటే భయం అంటన్నారు. ఆ రాత్రిలో ఉండేది మేవే బాబూ.

అమ్మాయిలు ఎక్కగానే బండి నంబరు ఫొటో తీసి ఇంటికి పంపుతారు. నాకు కోపం నేదు. మా గుంటకీ అదే సెప్పాను, ఎవడి ఆటో అయినా ముందు ఫొటో తియ్యమని.

కానీ ఓ సంగతి సెప్తాను ఇనండి. ట్రైను లేటయి అర్ధరాత్రి దాటినాక ఒక ముసలమ్మగారు ఎక్కినారు. మధురవాడ అవతల గేటు కాలనీ. రెండు సూట్‌కేసులు, ఒక ఊరగాయ జాడీ. గేటు కాడ వాచ్‌మన్ ఆపీసాడు, పది దాటితే ఆటోలు లోనికి పోకూడదంట, కమిటీ ఆర్డరంట. ఇల్లు సూత్తే లోపల ఆ సివర్ని. నేను సామాను మోసి దింపీసి వత్తానంటే దానికీ ఒప్పలేదు. ఆవిడ జాడీ సంకనెట్టుకుని సూట్‌కేసులు ఒకటొకటే ఈడ్సుకుంటా ఎళ్లింది. ఆవిడ సేఫ్టీ కోసవే గదా ఆ రూలు. ఇదేటి సేఫ్టీ?

ఇంకోటి. మా బళ్లలో సామాను మర్సిపోతానే ఉంటారు. మా స్టాండులో దొరికింది దొరికినట్టు పెద్ద మేస్త్రీకి ఇయ్యాల, నేకపోతే లైనులో పెట్టనివ్వరు. ఒకాయన ల్యాప్‌టాప్ బ్యాగు మర్సిపోతే అక్కయ్యపాలెం ఎళ్లి ఇచ్చీసాను. ఆయన ముందు జిప్పు తీసి అన్నీ ఉన్నాయా అని సూసుకున్నాడు. తరవాత థాంక్స్ అన్నాడు.

డాలస్_వైజాగోడు:

అప్పన్న అన్నా, నీ మాట మీద పెద్ద ప్రయోగమే జరిగింది. 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. 40 దేశాల్లో, 355 ఊళ్లలో, 17 వేలకి పైగా పర్సులు బ్యాంకుల్లో, హోటళ్లలో, పోస్టాఫీసుల్లో కౌంటర్ల దగ్గర ఇచ్చి "రోడ్డు మీద దొరికింది, మీరే చూడండి" అని వెళ్లిపోయారు. మన దేశమూ ఉంది అందులో. డబ్బు లేని పర్సుల్లో నూటికి 40, డబ్బున్నవాటిలో నూటికి 51 యజమానికి కబురందాయి. డబ్బుంటేనే ఎక్కువ తిరిగొచ్చాయి! ముందుగా అడిగితే మామూలు జనమే కాదు, ఆర్థికవేత్తలు కూడా దీన్ని ఊహించలేకపోయారు.

ఇక్కడ అమెరికాలో 1993 నుంచి చూస్తే హింసాత్మక నేరాలు దాదాపు సగానికి పడ్డాయి. గ్యాలప్ అనే సర్వే సంస్థ వాళ్లు ఏటా "నేరాలు పోయినేడు కన్నా పెరిగాయా" అని అడుగుతారు. దాదాపు ప్రతి ఏడూ ఎక్కువమంది పెరిగాయనే అన్నారు. "మీ చుట్టుపక్కల పెరిగాయా" అంటే మాత్రం అంతమంది అనరు. చెడిపోయింది ఎప్పుడూ పక్క ఊరే.

"ఎవడూ ముందుకి రాడు, ఫోన్ తీసి వీడియో తీస్తాడు" అనే మాట మీదా ఒక అధ్యయనం ఉంది, అదీ 2019లోనే. నెదర్లాండ్స్, బ్రిటన్, దక్షిణాఫ్రికా ఊళ్లలో సీసీ కెమెరాలకి చిక్కిన వీధి గొడవలు కూర్చుని చూశారు. పదింట తొమ్మిదిట్లో కనీసం ఒక్కరైనా అడ్డుపడ్డారు. చుట్టూ జనం ఎక్కువున్న కొద్దీ ఎవరో ఒకరు కలగజేసుకునే అవకాశం పెరిగింది. అయితే అడ్డుపడ్డవాడి చేతిలో ఫోన్ ఉండదు కదా. మనకి చేరే వీడియో తీసినవాడు దూరంగా నిలబడ్డవాడు.

అల్లిపురం_పెద్దాయన:

నీ అమెరికా పర్సు నాకెందుకయ్యా. నాకు 28 నంబరు బస్సులో సీటు కావాలి.

డాలస్_వైజాగోడు:

హహ్హ. దానికీ ఒకటుంది బాబాయ్ గారూ. 2023లో నేచర్ పత్రికలో వచ్చింది. కనీసం 60 దేశాల్లో, డెబ్భై ఏళ్లుగా, ఎప్పుడు ఎవర్ని అడిగినా జనంలో నీతి దిగజారిందనే అన్నారు. అదే మనుషుల్ని "నిన్న మిమ్మల్ని ఎవరైనా మర్యాదగా చూశారా, మీరెవరికైనా సాయం చేశారా" అని అడిగితే మాత్రం జవాబులు ఏళ్ల తరబడి ఒకేలా ఉన్నాయి.

వన్‌టౌన్_వాణి:

తాతగారూ, మీ సీటు మీకు రావాల్సిందే, అందులో వాదన లేదు. నేనుంటే లేస్తాను. కానీ ఆ అరుగుల రోజుల మర్యాద ఎవరెవరికి దక్కేదో కూడా చెప్పండి.

మా నాన్న చిన్నప్పుడు మా ఊరి టీ బడ్డీలో ఆయనకి గ్లాసు వేరు. చూరులో దోపి ఉండేది. తనే తీసుకోవాలి, తాగాక తనే కడిగి మళ్లీ చూరులో పెట్టాలి. అరుగు మీద పడుకోవడం మాట దేవుడెరుగు, అరుగు మీద చెయ్యి వెయ్యనిచ్చేవాళ్లు కాదు. ఇవాళ ఆయన బీచ్ రోడ్డులో ఏ హోటల్లోకైనా వెళ్లి ఫ్యాను కింద కూర్చుని కాఫీ తెమ్మంటాడు. వెయిటర్ మొహం చిట్లించొచ్చు, బిల్లు విసిరేసినట్టు పెట్టొచ్చు. పెట్టనివ్వండి. అదే మొహం అందరికీ చిట్లిస్తాడుగా.

హారన్లూ, లైన్లో దూరడం, సిగ్నల్ దగ్గర ఉమ్మడం, ఇవన్నీ నాకూ ఒళ్లు మంటే. కాకపోతే అందరూ ఒకే రోడ్డు మీదకి, ఒకే లైన్లోకి వచ్చాక జరిగే తోపులాట ఇది. మునుపు కొందరు లైన్లోకే రాలేదు, అందుకే అది సాఫీగా కనపడింది.

(అక్షరాలా "వెనక లిఫ్టు" సంగతి చదివాక ఈ పోస్టు రాయకుండా ఉండలేకపోయాను శ్రీను గారూ. ఆ రూలు ఏ భద్రత కోసమో కనుక్కోండి.)

మోడరేటర్:

"ఈ నేరాలన్నీ ఫలానా రాష్ట్రం నుంచి వచ్చిన కూలీలవే" అంటూ వచ్చిన పోస్టు తీసేశాను. ఎవరైనా సరే, మనుషుల్ని ఊరి పేరు పెట్టి గంపగుత్తగా దొంగల్ని చెయ్యొద్దు.

రిటైర్డ్_ఖాకీ:

తీసేసినా నేను చదివాను, కాబట్టి ఒక మాట. గంజాయి భయం ఉత్తదని నేననను. ఏజెన్సీ పక్కనే ఉన్న ఊరు మనది, సరుకు మన రోడ్ల మీంచే పోతుంది. కానీ కొత్త మొహం కనపడితే అనుమానించమని చెప్పే లెక్క మాత్రం సర్వీసులో నాకు దొరకలేదు. అత్యాచారం కేసుల్లో దేశం మొత్తం మీద 95 శాతం అటూఇటూ నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. చుట్టం, పక్కింటివాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు.

డబ్బు పోయే దారి కూడా ఇప్పుడు గేటు కాదు. పెద్ద ఆఫీసరుగా రిటైరయినాయన, ఇంటికి మూడు తాళాలు, కెమెరాలు, కుక్క. ఫోన్‌లో వీడియో కాల్ వచ్చింది. అవతల ఖాకీ చొక్కా, వెనక జాతీయ జెండా, "మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేస్తున్నాం" అన్నారు. రెండు రోజులు గదిలోంచి కదలకుండా కూర్చుని ఫిక్స్‌డ్ డిపాజిట్లు విరగ్గొట్టి పంపాడు. పక్క గదిలో భార్యకి కూడా చెప్పలేదు. చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చెయ్యడు, డబ్బడగడు. సైబర్ మోసాల్లో 2024లో దేశంలో జనం పోగొట్టుకున్నది 22 వేల కోట్ల రూపాయల పైమాటే. పోయిందని తెలిసిన నిమిషంలో 1930కి ఫోన్ చెయ్యండి. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి దూకుతూ ఉంటుంది, ఎంత త్వరగా చెబితే అంత దాన్ని మధ్యలో ఆపగలరు. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగారంటే ఇక అంతే.

గోపాలపట్నం_వాసి:

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఈ ఊళ్లో దేనికి భయపడాలో మాకు 2020 మే 7న తెలిసింది.

వెంకటాపురం, ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ. తెల్లవారుజామున, లాక్‌డౌన్ రోజులు. ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరిన్ అనే ద్రవం వారాల తరబడి కదలకుండా నిలవుండి ట్యాంకులో వేడెక్కి, దానిలో అదే గడ్డకట్టడం మొదలై, ఆ వేడికి ఇంకా మరిగి ఆవిరి బయటికి తన్నుకొచ్చింది. 12 మంది పోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. సైరన్ మోగలేదు. ఈ మాట నాది కాదు, ప్రభుత్వం వేసిన కమిటీ నివేదికలోదే. అంతకుముందు మా వీధి గ్రూపులో ఏళ్ల తరబడి దొంగల గురించి మెసేజీలు. ఫ్యాక్టరీ గోడ అవతల ఏముందో, గాలి ఇటు తిరిగితే ఎటు పరిగెత్తాలో ఒక్క మెసేజీ లేదు. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో పేలుడుకి దాదాపు 60 మంది పోయారని మా నాన్న చెబుతుంటే చిన్నప్పుడు కథలా విన్నాం. ఆ 2020లోనే ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది పోయారు.

మర్యాద సంగతి అడిగారు కదా. ఆ చీకట్లో తలుపులు బాదుకుంటూ పోయినవాళ్లు ఎవరో నాకిప్పటికీ తెలీదు. గడియ వేసుకుని నిద్రపోయినవాళ్లు లోపలే పడిపోయి ఉంటే తలుపులు పగలగొట్టి బయటికి తెచ్చారు. స్పృహ లేని మనిషిని బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనకవాడు గట్టిగా పట్టుకుని, మెడ వేలాడిపోకుండా తల భుజానికి ఆనించుకుని తీసుకెళ్లారు. మొహానికి ఉన్నది కరోనా గుడ్డ మాస్కే. కాపాడ్డానికి వచ్చిన పోలీసులు కూడా కొందరు పడిపోయారు. ఇల్లు ఎవరిది, అద్దెకున్నది ఏ రాష్ట్రంవాళ్లు అని అడిగినవాళ్లు లేరు. కరోనా భయంతో ఒకరి నీడ ఒకరు తొక్కని రోజులవి, గుర్తుందా.

సీతమ్మధార_శ్రీను:

ఇది చదివాక కిందకి దిగి మా మెట్లు చూసొచ్చాను. వెనక మెట్ల దారి ఇనప గ్రిల్లుకి తాళం ఉంది. తాళం చెవి సెక్రటరీ గారి దగ్గర. ఆయన హైదరాబాదు వెళ్లారు. మేడ మీద తలుపుకీ తాళమే. అగ్గి పుడితే ఎటు పోవాలండీ? దొంగ రాకుండా చేసిన ఏర్పాటు చూస్తే మనమే బయటికి రాలేం.

పెదజాలరిపేట_కుర్రోడు:

ఎవరూ సముద్రం మాటెత్తలేదేం? దేశంలో నీళ్లలో మునిగి పోయేవాళ్లు 2022లో 38 వేలు దాటారు. పంతులుగారి హత్యల లెక్క కన్నా ఎక్కువే.

ఆర్కే బీచ్‌లో, యారాడలో మునిగేవాళ్లు ఎక్కువమంది బయటి ఊళ్ల నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్లు. వాళ్లు పెద్ద అలలు విరిగే చోట దిగరు, భయపడతారు. పక్కనే అలలు లేకుండా నీళ్లు నిమ్మళంగా కనపడే చోటు చూసుకుని దిగుతారు. చచ్చేది అక్కడే. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది, అందుకే అక్కడ అల విరగదు. మనిషిని పట్టుకుని లోపలికి లాక్కుపోతుంది. ఒడ్డు వైపే ఎదురీదుతారు, చేతులు పడిపోతాయి, అయిపోతుంది. లాగినప్పుడు ఎదురీదకండి. ఒడ్డు వెంబడే పక్కకి ఈదండి, లాగుడు తగ్గాక అప్పుడు ఒడ్డుకి తిరగండి. ఈత రాకపోతే వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి అరవండి.

గజ ఈతగాళ్లలో మా వాళ్లే ఎక్కువ. విజిల్ ఊది బయటికి రమ్మంటే "నువ్వెవడివిరా చెప్పడానికి, మేం డబ్బులు పెట్టి వచ్చాం" అంటారు. హెచ్చరిక బోర్డుకి ఆనుకునే సెల్ఫీలు. ఆ అన్నవాడినే కాసేపటికి జుట్టు పట్టుకుని లాక్కొస్తాం.

నైట్‌డ్యూటీ_నర్సు:

సాయం చేసేవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇది అందరూ తెలుసుకోండి. యాక్సిడెంట్ అయినవాణ్ని ఆస్పత్రికి తెస్తే పోలీసులు, కోర్టులు అని తిప్పుతారని ఇప్పటికీ భయపడుతున్నారు. అలా తెచ్చేవాళ్లకి 2016లోనే సుప్రీంకోర్టు రక్షణ ఇచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ చేర్చారు. తెచ్చినవాళ్లు పేరు చెప్పకుండా వెళ్లిపోవచ్చు. సాక్ష్యం చెప్పమని బలవంతం చెయ్యకూడదు, అడ్వాన్సు కట్టమనకూడదు.

మా దగ్గరికి తెచ్చేవాళ్లలో ఆటోవాళ్లే ఎక్కువ, కార్లవాళ్లు తక్కువ. సీటు కవర్ల భయం కాబోలు. దింపేశాక సీటు కడుక్కోవడానికి బకెట్ నీళ్లు అడుగుతారు, కడిగేసుకుని మళ్లీ స్టాండుకి పోతారు. కిరాయి అడిగినవాణ్ని నేను చూడలేదు.

ఆటో_అప్పన్న:

కిరాయి ఎలగడుగుతాం మేడం. కానీ ఆ నెత్తురు వాసన రెండు రోజులు పోదు, బేరాలు దిగిపోతారు. అదీ ఉంది.

లెక్కల_పంతులు:

నర్సు మేడమ్, ఆ సందులో దీపాల సంగతి ఏమైంది? స్తంభం మీద నంబరు రాసి ఉంటుంది, అది రాసుకుని జీవీఎంసీకి, అంటే మన కార్పొరేషన్‌కి, ఫిర్యాదు పెడితే పని త్వరగా అవుతుంది. నంబరు చెరిగిపోతే ఎదురింటి డోర్ నంబరు ఇవ్వండి. "మా వీధిలో లైటు లేదు" అని రాస్తే మాత్రం లైన్‌మన్ వచ్చి పగలు చూసి వెళ్లిపోతాడు.

నైట్‌డ్యూటీ_నర్సు:

పెట్టాను. ఒకటి వెలిగించారు. రెండోది కొబ్బరి మట్ట అడ్డం ఉందట, చెట్టు వాళ్లని అడగమన్నారు. చెట్టువాళ్లు మట్ట కొట్టనివ్వరు.

అల్లిపురం_పెద్దాయన:

అమ్మాయ్, కొబ్బరి మట్టకీ ఇంత రాద్ధాంతమా. నాకు పనేం లేదు, రేపు పొద్దున్న వార్డు సచివాలయానికి నేనే వెళ్తాను. చెట్టువాళ్లతోనూ నేనే మాట్లాడతాను, ముసలాడి మాట కాదనరు. ఏ ఏరియా, ఏ సందు, మీ ఇల్లు ఎటు పక్క, కొంచెం వివరంగా రాయి.

నైట్‌డ్యూటీ_నర్సు:

చాలా సంతోషం బాబాయ్ గారూ. సందు పేరు ఇక్కడ అందరికీ కనపడేలా రాయలేను, ఏమీ అనుకోకండి. మెసేజ్‌లో స్తంభం నంబరు మాత్రం పంపుతాను.